మార్కుల పట్టీ వెనక హాజరు పట్టీ

‘సర్కారు బడిలో ఏం చదువొస్తది? అక్కడికొచ్చే పిల్లలూ అంతే, అక్కడి చదువూ అంతే.’ ఊళ్ళో మోతుబరి నుంచి పట్నంలో ఆఫీసరు దాకా ఇదే మాట. ఈ ఒక్క మాటలో రెండు లెక్కలున్నాయి. ఒకటి మార్కుల లెక్క, దాన్ని బాహాటంగా చెబుతారు. రెండోది కులం లెక్క, దాన్ని ‘అక్కడికొచ్చే పిల్లలు’ అనే మాట చాటున దాస్తారు. ఈ రెండూ ఎక్కడ ముడిపడ్డాయో తెలియాలంటే నూటయాభై ఏళ్ళు వెనక్కి పోవాలి.

1854 వుడ్ తాఖీదు తర్వాత, ఇతరులు నడిపే బడులకు గ్రాంటు ఇచ్చే పద్ధతిని సర్కారు మొదలుపెట్టింది. ఇంగ్లండులో 1862లో వచ్చిన ‘ఫలితాన్ని బట్టి గ్రాంటు’ నమూనా కొద్ది ఏళ్ళలోనే మద్రాసు ప్రెసిడెన్సీకీ దిగింది. ఇన్‌స్పెక్టరు వస్తాడు, చదవడం, రాయడం, లెక్కలు పరీక్షిస్తాడు, పాసైన పిల్లల తలలు లెక్కబెట్టి డబ్బులిస్తారు. పైకి చూస్తే న్యాయంగానే ఉంది. కానీ కోతల కాలంలో పొలానికి పోయేవాడు, గొడ్లు కాసేవాడు, ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున బడికి రాలేనివాడు పంతులికి పైసా తెచ్చిపెట్టడు. వాళ్ళలో మాలపల్లె, మాదిగపల్లె పిల్లలే ఎక్కువని వేరే చెప్పాలా? అంటరానితనం వాకిట్లోనే ఆపిన పిల్లవాణ్ణి ఈ పద్ధతి ‘లాభం లేని విద్యార్థి’గా కూడా చేసింది. 1904 నాటి విద్యా విధాన తీర్మానంతో దీనికి కాలం చెల్లింది. మార్కును బట్టి పిల్లవాడి విలువ కట్టే బుద్ధికి మాత్రం కాలం చెల్లలేదు.

వాకిలి సంగతీ చూద్దాం. 1856లో ధార్వాడ సర్కారు బడిలో ఒక మహర్ పిల్లవాడికి చోటివ్వలేదు. బొంబాయి ప్రభుత్వం ఆ నిరాకరణనే సమర్థించింది. 1882లో జోతీరావు ఫూలే హంటర్ కమిషన్ ముందు, రైతుల శిస్తు సొమ్ము పైకులాల చదువుకే పోతోందని ఎత్తిచూపాడు. సర్కారు బడి అన్ని కులాలకూ తెరిచి ఉండాలన్న సూత్రాన్ని ఆ కమిషన్ ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, గొడవ వచ్చే చోట వేరే బడులు పెట్టమంది. మద్రాసు ప్రభుత్వం 1893లో పంచమ బడుల కోసం ఉత్తర్వు ఇచ్చింది. 1920 తర్వాత ఆ బాధ్యత లేబర్ కమిషనర్‌కు పోయింది. మన పిల్లల చదువు ‘కూలీల సంక్షేమం’ కిందికి చేరిందన్నమాట! అటు నిజాం రాజ్యంలో భాగ్యరెడ్డివర్మ ఆది హిందూ బడులు నడిపాడు. చదువు మీద ఆశలేని జాతి అని మనల్ని అన్నవాళ్ళకు ఆ బడులే జవాబు.

స్వాతంత్య్రం వచ్చాక? 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ పల్లెబడి వేళల్ని కుదించి, మిగతా సమయంలో పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలన్నాడు. అప్పటికి ఆంధ్ర జిల్లాలు ఇంకా ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి, అక్టోబర్ 1న గానీ విడిపోలేదు. ద్రావిడ ఉద్యమం ఆ పథకాన్ని ‘కులవిద్య’ అని పిలిచి ఎదిరించింది. 1954లో అది రద్దయింది.

1961లో దేశంలో షెడ్యూల్డ్ కులాల అక్షరాస్యత 10.27 శాతం. 1991కి 37.41, 2011కి 66.1. ఈ పెరుగుదలలో ఎక్కువ భాగం సర్కారు బడిదే. మన పిల్లలు ఆ బడిలో కుదురుకుంటుంటే పైకులాల పిల్లలు కాన్వెంటు బస్సెక్కారు. వాళ్ళ వెనకే నాలుగు డబ్బులు కూడబెట్టుకున్న బీసీలూ, మనోళ్ళూ కదిలారు. కూలి తప్ప ఆధారం లేని ఇళ్ళ పిల్లలు మిగిలారు. ఇట్లా మిగిల్చిన తర్వాత మార్కులు పోల్చడం మొదలైంది.

2018 అసర్ సర్వే ప్రకారం రెండో తరగతి పాఠం చదవగలిగిన ఐదో తరగతి పిల్లలు సర్కారు బడుల్లో 44.2 శాతం, ప్రైవేటులో 65.1 శాతం. చూశారా అంటారు. ఒకేలాంటి ఇళ్ళ పిల్లల్ని పోల్చితే? 2008 నుంచి నాలుగేళ్ళు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 పల్లెల్లో ఆ పని చేశారు. లాటరీ తీసి కొందరు సర్కారు బడి పిల్లల్ని ప్రైవేటుకు పంపారు. తెలుగులో, లెక్కల్లో తేడా రాలేదు. హిందీలో మాత్రం ప్రైవేటుకు పోయినవాళ్ళు ముందున్నారు. ప్రైవేటు బడి తక్కువ ఖర్చుతోనే అంత చెప్పిందన్నదీ నిజమే, దానికి సర్కారు బడి జవాబు చెప్పుకోవాలి. కానీ పైకి కనిపించే తేడాలో ఎక్కువ భాగం బడిది కాదు, ఇళ్ళ స్థితిది.

ఇక మార్కు వేసే చెయ్యి సంగతి. హన్నా, లిండెన్ అనే పరిశోధకులు జవాబు పత్రాల మీద పిల్లల కులాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చి రాసి టీచర్లతో దిద్దించారు. 2012లో అచ్చయిన ఫలితం ఇది: కింది కులం అని రాసి ఉన్న పత్రానికి తక్కువ మార్కులు పడ్డాయి. తేడా చిన్నదే. అయితే ఆ కోత పెట్టింది ఎక్కువగా కింది కులాల టీచర్లే. ఇది మనకు మింగుడుపడదు, అయినా దాచకూడదు. బ్రాహ్మణీయ భావజాలం మన చేతి ఎర్రసిరాలోకీ దిగింది. హాఫ్, పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో పిల్లలకు చిక్కుదారుల పజిళ్ళు ఇచ్చారు. కులం చెప్పనప్పుడు దళిత పిల్లలు మిగతావాళ్ళతో సమంగా నిలిచారు. అందరి ముందూ కులం చదివాక వెనకబడ్డారు. తెలివి ఆ కాసేపట్లో ఎక్కడికి పోయింది?

అందుకే మేం అంటున్నాం: మార్కుల పట్టీని ఒంటరిగా చదవొద్దు. పక్కన హాజరు పట్టీ పెట్టండి, ఎవరు ఏ నెలలో ఎందుకు రాలేదో చూడండి. ప్రవేశాల రిజిస్టరు తీసి, ఏ కులం పిల్లలు ఏ ఏడు బడి వదిలిపోయారో లెక్క కట్టండి. 2009 విద్యాహక్కు చట్టం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలంది. బలహీన వర్గాల వాళ్ళకు దామాషాలో చోటు, ఆడవాళ్ళకు సగం చోటు ఇమ్మంది. ఆ కుర్చీలో మన పల్లె తల్లి కూర్చుని రిజిస్టర్లు అడగాలి. చదవడం రాకపోతే చదివి వినిపించే పని మన విద్యార్థులది. ‘మీ పిల్లలింతే’ అన్నవాడికి ‘ఏ లెక్కన?’ అని ఆమె ఎదురడిగిన రోజున ఆ పాతమాట నోట్లోనే ఆగిపోతుంది.