59 కేజీలు దాటితే రేసే లేదు.. ఒలింపిక్స్ గడప తొక్కకుండానే వెళ్లిపోయిన మహిళల లైట్‌వెయిట్ సింగిల్ స్కల్స్!

రేసుకు ముందు కాటా ఎక్కాలి. 59 కేజీలు దాటితే ఆ రోజు పడవ ఎక్కే పనే లేదు. తూకం గట్టెక్కితే ఇక 2 వేల మీటర్ల నీళ్లు, పడవలో తను ఒక్కతే. రోయింగ్‌లో మహిళల లైట్‌వెయిట్ సింగిల్ స్కల్స్ అంటే ఇదే. 1985లో వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో మొదలైన ఈ రేసు 2024తో అక్కడ ఆగిపోయింది. ఒలింపిక్స్‌లో అయితే ఒక్కసారి కూడా పెట్టలేదు. అసలు ఈ రేసు ఎలా ఉంటుంది? ఇందులో వరల్డ్ ఛాంపియన్ అయినవాళ్లు ఒలింపిక్స్ కోసం ఏం చేశారు? ఎందుకు తీసేశారు? ఆ వివరాలు చూద్దాం.

రెండు తెడ్లు.. ఒక్క మనిషి

రోయింగ్‌లో రెండు రకాలున్నాయి. ఒక్కొక్కరు ఒకే పెద్ద తెడ్డును రెండు చేతులతో లాగితే స్వీప్ అంటారు. చేతికో తెడ్డు పట్టుకుని లాగితే స్కల్లింగ్. సింగిల్ స్కల్స్‌లో పడవకు ఒక్కరే ఉంటారు. పడవ 8 మీటర్లకు పైగా పొడవు ఉంటుంది కానీ రూల్ ప్రకారం బరువు 14 కేజీలు ఉంటే చాలు. మనిషి కూర్చోవడానికి సరిపోయేంత వెడల్పే ఉంటుంది. తెడ్లు వదిలేస్తే పక్కకు ఒరిగిపోతుంది. హైదరాబాద్‌లో పొద్దున్నే ట్యాంక్‌బండ్ వైపు వాకింగ్‌కు వెళ్లేవాళ్లు హుస్సేన్ సాగర్‌లో ఇలాంటి సన్నటి పడవలను చూసే ఉంటారు.

చూడటానికి చేతుల ఆటలా ఉంటుంది గానీ అసలు పని కాళ్లదే. పడవలో బిగించిన బూట్లలో పాదాలు పెట్టాలి. సీటు కింద చక్రాలు ఉంటాయి కాబట్టి అది ముందుకూ వెనక్కూ జరుగుతుంది. మోకాళ్లు మడిచి ముందుకొచ్చి, తెడ్లు నీళ్లలో దించి, కాళ్లతో బలంగా తోయాలి. ఆ వెంటనే నడుము, చివర్లో చేతులు. నిమిషానికి 30 సార్లకు పైగా ఇదే పని. మొత్తం రేసులో 200 సార్లు దాటుతుంది.

వీడియోలో రేసు చూసేటప్పుడు ఒక విషయం గమనించండి. రోవర్ వీపు ఫినిష్ లైన్ వైపు ఉంటుంది. అంటే ముందున్న మనిషికి వెనకున్న వాళ్లంతా కనిపిస్తారు. వెనకబడిన వాళ్లకు మాత్రం ముందు ఎవరున్నారో తల తిప్పితే గానీ తెలియదు. అందుకే సింగిల్స్‌లో మొదట్లోనే లీడ్ తీసుకోవాలని చాలామంది చూస్తారు. లీడ్‌లో ఉంటే ఎదుటివాళ్లు ఎప్పుడు స్పీడ్ పెంచినా కళ్ల ముందే తెలిసిపోతుంది.

ఫైనల్లో ఆరు లేన్లు, ఆరు పడవలు. అంతకుముందు హీట్స్ ఉంటాయి. అక్కడ తప్పిపోయిన వాళ్లకు మరో ఛాన్స్ ఇచ్చే రౌండ్ పేరు రెపిషాజ్. ఈ విభాగంలో టాప్ రోవర్లు పరిస్థితులు కలిసొస్తే ఏడున్నర నిమిషాల లోపే ఫినిష్ చేస్తారు. ఎదురుగాలి వీస్తే మాత్రం లెక్కలు మారిపోతాయి. రోయింగ్ పడవల్లో సింగిలే నెమ్మది, పైగా తేలికైన మనిషి. అందుకే రోయింగ్‌లో ‘వరల్డ్ రికార్డ్’ అనరు, ‘వరల్డ్ బెస్ట్ టైమ్’ అంటారు. ఒక చోటి నీళ్లు, గాలి ఇంకోచోట ఉండవు మరి.

ఆ 2 కేజీల తేడాతోనే తంటా

రోయింగ్‌లో పొడుగ్గా, బలంగా ఉన్నవాళ్లదే పైచేయి. ఓపెన్ విభాగంలో ఆరడుగుల అమ్మాయిలు కనిపించడం మామూలే. చిన్న శరీరం ఉన్నవాళ్లకు, అలాంటి వాళ్లు ఎక్కువగా ఉండే దేశాలకు కూడా చోటు దొరకాలనే లైట్‌వెయిట్ విభాగం పెట్టారు. వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో మగవాళ్లకు 1974లో, ఆడవాళ్లకు 1985లో మొదలైంది. 1985 పోటీలు బెల్జియంలోని హేజ్‌వింకెల్‌లో జరిగాయి. మహిళల రేసుల దూరాన్ని వెయ్యి మీటర్ల నుంచి 2 వేలకు పెంచింది కూడా ఆ ఏడాదే. ఆస్ట్రేలియాకు చెందిన ఆడైర్ ఫెర్గూసన్ తొలి లైట్‌వెయిట్ సింగిల్ స్కల్స్ ఛాంపియన్ అయింది.

తూకం రూల్ గట్టిదే. పోటీ ఉన్న ప్రతి రోజూ, ఆ రోజు మొదటి రేసుకు రెండు గంటల నుంచి గంట ముందు లోపల, రేసు డ్రెస్‌లోనే కాటా ఎక్కాలి. నిన్న సరిపోయింది కదా అంటే కుదరదు.

ఇక్కడే అసలు మెలిక ఉంది. సింగిల్‌లో పరిమితి 59 కేజీలు. ఇద్దరు కలిసి నడిపే డబుల్ స్కల్స్‌లో కూడా ఏ ఒక్కరూ 59 దాటకూడదు, కానీ ఇద్దరి సగటు 57 ఉండాలి. అంటే ఒకరు 59 ఉంటే ఇంకొకరు 55కి దిగాలి. ఒలింపిక్స్‌లో మహిళలకు ఉన్న ఏకైక లైట్‌వెయిట్ రేసు ఈ డబుల్సే, అదీ 1996 అట్లాంటా నుంచి మొదలైంది. సింగిల్‌లో ప్రపంచాన్ని గెలిచిన అమ్మాయి ఒలింపిక్స్‌కు వెళ్లాలంటే మంచి పార్ట్‌నర్‌ను వెతుక్కోవాలి. చాలాసార్లు మరో రెండు కేజీలు కూడా తగ్గాలి. అప్పటికే ఒంట్లో కొవ్వు లేని అథ్లెట్‌కు ఆ రెండు కేజీలు చిన్న విషయం కాదు.

ప్రపంచాన్ని గెలిచారు.. ఆ తర్వాత?

బ్రెజిల్‌కు చెందిన ఫాబియానా బెల్‌ట్రామే మొదట ఓపెన్ సింగిల్‌లో ఒలింపిక్స్ ఆడింది. తర్వాత లైట్‌వెయిట్‌కు మారి 2011లో స్లొవేనియాలోని బ్లెడ్‌లో సింగిల్ స్కల్స్ గోల్డ్ కొట్టింది. రోయింగ్‌లో బ్రెజిల్‌కు అదే తొలి వరల్డ్ టైటిల్. ఏడాది తిరక్కుండానే లండన్ ఒలింపిక్స్ వచ్చాయి. కానీ ఆమె గెలిచిన రేసు అక్కడ లేదు. లువానా బార్తోలోతో కలిసి డబుల్స్‌లో దిగింది, మెడల్ రాలేదు.

ఐర్లాండ్ రోవర్ షినేడ్ జెన్నింగ్స్‌ది ఇంకా పెద్ద కథ. 2001లో లూసెర్న్‌లో ఆమె లైట్‌వెయిట్ సింగిల్ వరల్డ్ ఛాంపియన్. ఒలింపిక్స్‌లో అడుగుపెట్టింది మాత్రం 2016లో! మధ్యలో డాక్టర్ అయింది, సైక్లింగ్‌లోనూ ప్రయత్నించింది, ముగ్గురు పిల్లల తల్లి అయింది. చివరికి 39 ఏళ్ల వయసులో క్లెయిర్ లాంబ్‌తో కలిసి రియోలో లైట్‌వెయిట్ డబుల్స్ ఫైనల్ చేరింది. ఆరో స్థానం వచ్చింది. సింగిల్ ఒలింపిక్స్‌లో ఉండి ఉంటే ఈ 15 ఏళ్లు పట్టేవా అని ఎవరికైనా అనిపిస్తుంది.

న్యూజిలాండ్ స్టార్ జోయ్ మెక్‌బ్రైడ్ కథ వింటే మాత్రం ఈ విభాగాన్ని వెనకేసుకు రావడం కష్టం. 2015, 2016లో వరుసగా సింగిల్‌లో వరల్డ్ ఛాంపియన్. 2019లో జాకీ కిడిల్‌తో డబుల్స్‌లోనూ వరల్డ్ టైటిల్ కొట్టింది. టోక్యోలో గోల్డ్ ఫేవరెట్ల లిస్టులో ఉంది. అలాంటిది 2021 మార్చిలో, ఒలింపిక్స్ కొన్ని నెలల్లో ఉండగా రిటైర్ అయిపోయింది. బరువును ఆ పరిమితిలో ఉంచడానికి తన శరీరం, మనసు ఎంత దెబ్బతిన్నాయో తర్వాత బహిరంగంగానే చెప్పింది. ఖర్చయ్యే శక్తికి తగ్గ తిండి లేకపోతే పీరియడ్స్ ఆగిపోవడం, ఎముకలు బలహీనపడి చిట్లడం లాంటి సమస్యలు వస్తాయని స్పోర్ట్స్ డాక్టర్లు చాలాకాలంగా హెచ్చరిస్తున్నారు.

ఎందుకు తీసేశారంటే..

బాక్సింగ్, రెజ్లింగ్ లాంటి పోరాట క్రీడలు, వెయిట్‌లిఫ్టింగ్ తప్ప మిగతా ఆటల్లో బరువు విభాగాలు ఉండటం అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీకి ఇష్టం లేదు. ముందు రియో తర్వాత పురుషుల లైట్‌వెయిట్ ఫోర్‌ను తీసేసి మహిళల ఫోర్ పెట్టారు. మిగిలిన రెండు డబుల్స్ రేసులు పారిస్ 2024తో ముగిశాయి. మహిళల చివరి గోల్డ్ బ్రిటన్ జోడీ ఎమిలీ క్రెయిగ్, ఇమోజెన్ గ్రాంట్‌కు దక్కింది. టోక్యోలో ఈ ఇద్దరే సెకనులో వందో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకున్నారు.

ఒలింపిక్స్‌లో లేకపోతే ఏ దేశమైనా డబ్బు ఎందుకు పెడుతుంది? సింగిల్‌కు మొదటి నుంచీ ఉన్న ఇబ్బంది అదే, ఇప్పుడు మొత్తం లైట్‌వెయిట్‌కే వచ్చింది. 2023 బెల్‌గ్రేడ్‌లో ఐర్లాండ్‌కు చెందిన షివాన్ మెక్‌క్రోహన్ గెలిచింది. పారిస్ అయిన కొన్ని వారాలకే కెనడాలోని సెయింట్ క్యాథరిన్స్‌లో అమెరికా రోవర్ మిషెల్ సెచ్‌సర్ గెలిచింది. 2025 షాంఘై వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో లైట్‌వెయిట్ రేసులే లేవు. అలా సెచ్‌సర్ చివరి ఛాంపియన్ అయింది.

ఆసియాకే దెబ్బ ఎక్కువ?

కాటా పోవడం అమ్మాయిల ఆరోగ్యానికి మంచిదే. కానీ దాంతోపాటు తలుపు కూడా మూసుకుపోయింది. ఆసియా దేశాలకు ఈ విభాగం బాగా ఉపయోగపడేది. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాకు చెందిన జీ యూ-జిన్ లైట్‌వెయిట్ సింగిల్ గోల్డ్ కొట్టింది. మన దగ్గర కూడా పురుషుల్లో దుష్యంత్ చౌహాన్ 2014, 2018 ఆసియా క్రీడల్లో లైట్‌వెయిట్ సింగిల్‌లోనే కాంస్యాలు తెచ్చాడు. టోక్యో ఒలింపిక్స్‌లో 11వ స్థానంలో నిలిచిన అర్జున్ లాల్ జాట్, అరవింద్ సింగ్ నడిపింది కూడా లైట్‌వెయిట్ డబులే.

మన అమ్మాయిల విషయానికొస్తే 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ప్రతిమా పుహాణ, ప్రమీలా ప్రవా మింజ్ పెయిర్ రేసులో కాంస్యం గెలిచారు. పారిస్ 2024 వరకూ చూస్తే ఒలింపిక్స్ రోయింగ్‌కు భారత్ నుంచి ఒక్క మహిళ కూడా వెళ్లలేదు.

లాస్ ఏంజెలెస్ 2028లో లైట్‌వెయిట్ స్థానంలో బీచ్ స్ప్రింట్ అనే కొత్త ఆట వస్తోంది. ఇసుకలో పరుగెత్తి, సముద్రంలో ఉన్న పడవ ఎక్కి, బోయల చుట్టూ తిరిగి 250 మీటర్లు వెళ్లి, వెనక్కి వచ్చి మళ్లీ పరుగెత్తి ఫినిష్ చేయాలి. మహిళల సింగిల్, పురుషుల సింగిల్, మిక్స్‌డ్ డబుల్.. మొత్తం మూడు రేసులు. వీటిలో దేనికీ బరువు పరిమితి లేదు.