బాకా నుండి బొత్తాము మైకు దాకా

మా గురువుగారి పద్యపఠనం ఒక్క ముక్కైనా మిగలలేదు. ఆ కొరత తలచుకొనే, పద్యాలు ఇంట్లో రికార్డు చేసుకోవాలని మైకుల చరిత్ర తిరగవేశాను.

1902లో గైస్‌బర్గ్ దొర కలకత్తాలో గౌహర్ జాన్ పాటను పట్టినప్పుడు మైకే లేదు. బాకా ముందు నిలబడి, గొంతెత్తి, సుమారు మూడు నిమిషాలలో ముగించాలి. 1925లో విద్యుత్ పద్ధతి వచ్చాక మెల్లని గొంతూ పలికింది. కాని ఆ యంత్రాలు కంపెనీలవి, రేడియోలవి. మన హైదరాబాదులో 1935లో వెలసిన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో చేరింది. ఏ స్టూడియో గడపా తొక్కని పండితుల గొంతు గాలిలో కలిసింది.

1916 నాటి వెంట్ కండెన్సర్ మైకుకు బయటినుండి విద్యుత్తు అందించాలి. 1962లో బెల్ ప్రయోగశాలలో సెస్లర్, వెస్ట్ గారలు విద్యుదావేశాన్ని తనలోనే నిలుపుకొనే పలుచని పొరతో ఎలక్ట్రెట్ మైకు చేశారు. చొక్కాకు తగిలించుకొనే చవక మైకుకు మూలం అదే.

సికిందరాబాదులో మా యిల్లు రైలుపట్టాల చెంత. కండెన్సర్ మైకు తెచ్చి, 48 వోల్టులిచ్చే ఇంటర్‌ఫేసుకు తగిలించాను. సీసపద్యం నడుమ ఇంజను కూత చక్కగా యతి కుదిర్చింది! డైనమిక్ మైకుకు మారాను. తీగచుట్ట, అయస్కాంతం, అంతే. నోటికి బెత్తెడు దూరాన ఉంచితే రైలు వెనుకబడుతుంది. దాని సంకేతం బలహీనం గనుక, ధ్వని పెంచినా రొద పెట్టని ఇంటర్‌ఫేసు చూచుకోవాలి. మైకుకు ఒక్క రంధ్రమున్నది చాలు. చదివేవాడు ఒక్కడే గదా.

నిన్న తెల్లవారుజామున గురువుగారు నేర్పిన రాగంలోనే ఒక ఉత్పలమాల రికార్డు చేశాను. గొంతు మాత్రం నాదే.