రెండో తరగతి దాకా ఇంటి నుంచే

జహీరాబాద్ చుట్టుపక్కల తండాల్లో పిల్లల చదువు గురించి మాట లేస్తే అందరూ పదో తరగతి ఫలితాల దగ్గర మొదలుపెడతారు. మేము రెండో తరగతి దగ్గర మొదలుపెడతాం. గిరిజన ఆశ్రమ పాఠశాలలు పిల్లల్ని మూడో తరగతి నుంచి చేర్చుకుంటాయి. తండాలో బడి ఉన్నా లేకపోయినా, పనికి వలస పోయే ఇళ్లవాళ్లు తిండికీ భద్రతకూ పిల్లల్ని అక్కడికే పంపుతారు. అంటే పొద్దున బడికి పోయి సాయంత్రం యాడి దగ్గరికి తిరిగొచ్చే చదువు వాళ్లకు రెండో తరగతితో ఆఖరు. ఇల్లు ఆసరా ఇవ్వగలిగేది ఆ రెండేళ్లే. మరి ఆ ఇంటికీ ఈ బడికీ మధ్య ఏ భాష నడిచింది, ఏ లెక్క నడిచింది?

మా తాతల కాలంలో సర్కారు అంటే ఉర్దూ. కచేరీ కాగితం ఉర్దూలో, పట్వారీ మాట ఉర్దూలో. 1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో పుట్టింది గాని, పశువుల వెంట తిరిగే తండాకు ఆ ఉర్దూ జవాను కేకగానే తెలుసు. ఇదే నిజాం రాజ్యంలో ఇంకో మూల మరోలా జరిగింది. 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో హైమెండార్ఫ్ పూనికతో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం తెరిచారు. నాగరి లిపిలో గోండీ వాచకాలు అచ్చు వేశారు. అంతకు మూడేళ్ల ముందు కుమ్రం భీం తిరుగుబాటు జరగకపోతే ఆ వాచకాలు వచ్చేవా అంటే మాకు అనుమానమే. లంబాడీలకు మాత్రం అలాంటి వాచకం అప్పుడు రాలేదు.

అప్పట్లో జహీరాబాద్ మెదక్ జిల్లాలో లేదు, బీదర్ జిల్లాలో ఉండేది. ఈ సంగతి మా పిల్లలకు చెబితే నమ్మరు. 1956లో రాష్ట్రాలను భాషల వారీగా విడదీసినప్పుడు జహీరాబాద్ తాలూకాను నిర్ణా సర్కిల్ తీసేసి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. న్యాల్‌కల్ సర్కిల్, నారాయణఖేడ్ తాలూకా కూడా ఇటే వచ్చాయి. నిర్ణా మైసూరు వైపు పోయింది. ఉద్గీర్ బొంబాయి వైపు పోయింది. తెలుగు, కన్నడం, మరాఠీ మాట్లాడేవాళ్లకు గీత ఎక్కడ గీయాలో లెక్క ఉంది. మూడు వైపులా ఒకే గోర్ బోలి మాట్లాడే మా లెక్క అందులో లేదు. దానివల్ల ఒకే ఇంటి అక్కాచెల్లెళ్ల పిల్లల్లో ఒకరు పలక మీద తెలుగు దిద్దారు, ఒకరు కన్నడం, ఒకరు మరాఠీ. పెళ్లిలో కలిస్తే మాట కలుస్తుంది, రాత కలవదు. సర్కారు పేర్లూ కలవవు. కర్ణాటకలో మేము షెడ్యూల్డ్ కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. ఇక్కడ తెలంగాణలో 1976 సవరణ చట్టం 1977లో అమల్లోకి వచ్చాకే షెడ్యూల్డ్ తెగ. హాస్టల్ సీటు, ఫీజు మాఫీ అన్నీ ఆ తర్వాతి మాటలే. మాలో చదువుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆ తేదీకి ఇవతల పుట్టినవాళ్లే.

బడిలో మాకు మొదటి చిక్కు అక్షరం దగ్గరే వచ్చింది. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు, ఇ అంటే ఇల్లు. బొమ్మ చూసి అక్షరం గుర్తుపట్టాలని ఆ వాచకం ఉపాయం. తెలుగింటి పిల్లకు అది నిజంగా మంచి ఉపాయం. మా పిల్ల ఆవు బొమ్మ చూసి గావ్డి అంటుంది. అమ్మను చూసి యాడి అంటుంది. ఇల్లు ఘర్. బొమ్మ సరిగ్గానే గుర్తుపట్టింది, అక్షరం తప్పు పోయింది. దెబ్బ మాత్రం పిల్లకే పడింది. ఇంకో విచిత్రం ఏమంటే, ఇంట్లో రోజూ పలికే ఘర్ అనే మాటలోని ఘ అక్షరం వాచకంలో బాగా వెనక వస్తుంది. తెలుగులో దాని వాడుక తక్కువ కాబట్టి. ఒకటి, రెండు అని సారు చెప్పిస్తుంటే ఏక్, దీ అని మనసులో అనుకొని, దాన్ని తెలుగులోకి తిప్పుకొని, అప్పుడు నోరు తెరిచేవాళ్లం. పక్క పిల్లాడు అప్పటికే జవాబు చెప్పేసేవాడు. మమ్మల్ని మొద్దులన్నారు.

చట్టం మాత్రం మొదటి నుంచీ మంచి మాటలే చెప్పింది. మమ్మల్ని మూడుగా పంచిన ఆ 1956లోనే రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చారు. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందించాలని. 2009 విద్యాహక్కు చట్టం వీలైనంత వరకు అన్నది. 2004లో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక వాచకాలు మొదలుపెట్టింది. గోండీ, కోయ, కొలామీ, సవర వంటి వాటితో పాటు అందులో బంజారా కూడా ఉంది. లిపి తెలుగే, మాట మాది. అయితే అది ఎంపిక చేసిన బడుల పథకం, ప్రతి తండాకూ చేరేది కాదు. ఇక జనాభా లెక్కల్లో లంబాడీని హిందీ కింద కలిపి చూపిస్తారు. 2011లో లమాణీ, లంబాడీ అని చెప్పుకున్నవాళ్లు 32 లక్షలకు పైనే.

2022 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లిషు మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషు. తండాల్లో దీన్ని వద్దన్నవాళ్లు మాకు కనపడలేదు, మేమూ వద్దనం. ఇంగ్లిషు లేక ఏం పోగొట్టుకున్నామో మాకు తెలుసు. కానీ ఆ రెండు పేజీల మధ్య పిల్లకు అర్థం చెప్పే మూడో మాట ఒకటుంది. అది ఇంట్లో ఉంది. రెండో తరగతి పూర్తయ్యేసరికి పిల్ల నిమిషానికి 45 నుంచి 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని, 999 దాకా అంకెలు చదివి రాయాలని, 99 లోపు తీసివేతలు చేయాలని కేంద్రం నిపుణ్ భారత్ లక్ష్యం పెట్టింది. తొలిమెట్టు పేరుతో ఇక్కడా అదే పని నడిచింది. పదాలు గబగబా చదవడం మా పిల్లలకు వస్తుంది. అర్థం దగ్గరే ఆగుతారు. ఆ పాఠాన్ని సాయంత్రం గోర్ బోలిలో చెప్పమంటే, తెలిసిందేదో తెలియనిదేదో అప్పుడే బయటపడుతుంది. చదువురాని యాడి కూడా ఈ పరీక్ష పెట్టగలదు. మేము కొన్ని ఇళ్లలో పెట్టించి చూశాం. మొదట పిల్లలు సిగ్గుపడ్డారు, బడి మాటను ఇంటి మాటలో చెప్పకూడదేమో అన్నట్టు.

లెక్కల సంగతికొస్తే ఇల్లే ముందుంది. కాంచళి మీద అద్దాలు కుట్టే నాయనమ్మ పోగులు లెక్కపెట్టకుండా సూది దింపదు. చెరుకు కొట్టే వాళ్ల బతుకంతా తీసివేతే. దసరాకు ముందే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుంటారు. మరాఠీ వైపు పోతే మొగుడూ పెళ్లాల జంటను కలిపి ఒక కోయితా అంటారు. అంటే ఒక కత్తి. కొట్టిన టన్నుల కూలి ఆ అడ్వాన్సులోంచి పోతూ ఉంటుంది. ఎంత పోయింది, ఎంత మిగిలింది అన్నది చీటీలో ఉంటుంది. చీటీ మేస్త్రీ జేబులో ఉంటుంది.

అసలు దెబ్బ ఆ రోజుల్లోనే. జూన్‌లో బడి తెరుస్తారు. గుణింతాలు గట్టిపడి ఒత్తులు మొదలయ్యేసరికి బండ్లు కదులుతాయి. పిల్లల్ని వెంట తీసుకుపోతే ఏడాది పోయినట్టే. ముసలివాళ్ల దగ్గర వదిలితే చదువు నిలుస్తుంది, పిల్ల మనసు నిలవదు. వలస కాలపు హాస్టళ్లు పెట్టినచోట కొంత నయం. మళ్లీ హోళీకో ఉగాదికో అమ్మానాన్నలు వచ్చేసరికి బడికి మిగిలేది కొద్ది వారాలే.

నాయనమ్మ దగ్గర ఉండి రెండో తరగతి చదివిన పిల్ల ఒకతి మా తండాలో ఉంది. హోళీకి తిరిగొచ్చిన తండ్రి ఈసారి మేస్త్రీని అడిగి చీటీ వెంట తెచ్చాడు. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకొని ఒక్కో వరస చదవమన్నాడు. ఆమె రోజు కూలి అంకెలు వేలు పెట్టి చదివింది, తండ్రి నోటిలెక్కతో కలుపుకుంటూ పోయాడు. రెండు చోట్ల కుదరలేదు, మళ్లీ చదివించుకున్నాడు. కింద బాకీ వరసకు వచ్చాక పిల్ల ఆగిపోయింది. అందులో అయిదు అంకెలున్నాయి. వాళ్ల సారు ఇంకా వందల దగ్గరే ఉన్నాడు.