కుడ్యచిత్రాల పరిశీలన (నమూనా తీయని పద్ధతులు)

గోడమీది బొమ్మను గీకకుండానే అందులోని రంగులనూ పొరలనూ గుర్తించే పద్ధతులు. లేపాక్షి వీరభద్రాలయంలోని 16వ శతాబ్దపు విజయనగర కాలపు కప్పుచిత్రాల వంటివాటికి ఇవే తగినవి. ఊడిన పెచ్చు తిరిగి రాదు. ఎక్స్-రే ఫ్లోరసెన్స్‌లో ఇనుము కనిపిస్తే జేగురు లేదా పసుపుపచ్చ మన్ను, పాదరసం కనిపిస్తే ఇంగిలీకం అని ఊహించవచ్చు. ఊహ మాత్రమే: కిరణాలు కింది పొరల్లోకీ చొచ్చుకుపోతాయి, అన్నిటి మూలకాలూ కలగలిసి నమోదవుతాయి. మసినలుపులోని కార్బన్ ఆ పరికరానికి దాదాపు చిక్కదు. అయితే ఆ నలుపు పరారుణ కాంతిని పీల్చుకుంటుంది. పైరంగు ఆ కాంతిని పోనిస్తే అడుగున గీసిన రేఖలు కెమెరాలో బయటపడతాయి. సమ్మేళనమేదో తేల్చడానికి, సి.వి.రామన్ 1928లో కలకత్తాలో కనుగొన్న ఫలితంపై ఆధారపడిన రామన్ వర్ణపటమాపకం ఉంది. దాని లేజర్ తీవ్రత మితిమీరితే మాత్రం రంగు మాడిపోవచ్చు.