తలుపు తట్టేముందు రాసే కాగితం

ముక్త్యాలకి దక్షిణాన కృష్ణ. ఏరు దాటితే పల్నాడు, పడమరకి కాస్త పోతే తెలంగాణ. హద్దుల్లో ఉన్న ఊళ్లకి సోదాలు కొత్త కాదు. ఒకప్పుడు నాటుసారా, తర్వాత పక్క రాష్ట్రం మందు, ఇప్పుడు గంజాయి. సరుకు మారినా గుమ్మంలో మాట మారదు.

"మీ ఇంట్లో ఉందని సమాచారం వచ్చింది."

"ఎవరు చెప్పారండీ?"

"అది చెప్పం."

చట్టం కూడా ఆ మాటకే కాపు. నేరం గురించి కబురు ఎవరిచ్చారో చెప్పమని పోలీసుని కోర్టు సైతం బలవంతపెట్టకూడదు. మరి అసలు కబురే రాలేదనుకోండి, అధికారి కల్పించాడనుకోండి. పట్టుకునేదెట్లా?

సోదాకి ఆధారమేదని అడిగే ఈ ప్రశ్న వయసు రెండున్నర శతాబ్దాలు దాటింది. 1762 నవంబర్‌లో లండన్‌లో జాన్ ఎంటిక్ అనే రచయిత ఇంట్లో రాజుగారి బంట్లు నలుగురు నాలుగు గంటలు వెతికి కాగితాలు ఎత్తుకుపోయారు. చేతిలో హాలిఫాక్స్ మంత్రి వారంట్ ఉంది. ఎంటిక్ వేసిన దావాలో, అలాంటి వారంట్ ఇవ్వమని మంత్రికి ఏ చట్టం చెప్పిందో చూపమన్నాడు జడ్జి కామ్డెన్, 1765లో. చూపలేకపోయారు.

మన దగ్గర సంగతి వేరు. ఆలస్యమైతే సరుకు దాటిపోతుందని తోస్తే, దర్యాప్తు చేసే పోలీసు అధికారి మేజిస్ట్రేట్ వారంట్ లేకుండానే సోదాకి దిగొచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 165వ సెక్షన్ ఇదే. షరతు ఒకటుంది. ఏం వెతుకుతున్నాడో, ఎందుకు అనుమానమో ముందుగా కాగితం మీద పెట్టాలి. దీన్ని ఉత్త తతంగం అనుకునేవాళ్లకి గట్టి జవాబిచ్చింది మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. రాజస్థాన్‌లో పొగాకు కోసం రెహ్మాన్ అనే ఆయన ఇంటిమీదికి సెంట్రల్ ఎక్సైజ్ వాళ్లు వెళ్లారు. ఆయన అడ్డుపడ్డాడు. ఉద్యోగిమీద దౌర్జన్యమని కేసు. కారణాలు రాయకుండా వచ్చిన ఆ సోదా చట్టప్రకారం సోదా కాదని 1959లో సుప్రీంకోర్టు తరఫున సుబ్బారావు రాశారు. కేసు నిలవలేదు.

ఇంత చిన్న కాగితానికి అంత విలువ ఎందుకంటే, సోదా అయ్యాక రాస్తే దొరికిన సరుకునిబట్టి అనుమానం పుట్టించుకోవచ్చు. ముందు రాస్తే ఆ వీలు లేదు. రాసినవాడి అబద్ధం రాసినచోటే దొరుకుతుంది.

ఆ కాగితం అక్కర్లేదన్న చట్టం మన దగ్గరే వచ్చింది. 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపు చట్టం 73వ సెక్షన్‌ని సవరించి, కలెక్టరు ఎవరిని పంపితే వాళ్లు బ్యాంకుల్లోకి వెళ్లి ఖాతాదార్ల పత్రాలు తిరగేయొచ్చంది. కారణం రాయమని అనలేదు. బ్యాంకులు కోర్టుకెక్కాయి. హైకోర్టు కొట్టేసింది, 2004లో సుప్రీంకోర్టూ అదే మాట అంది. కెనరా బ్యాంకు కేసుగా లాయర్లకి తెలిసినది ఇదే.

సరే, రాశాడు, రాసింది అబద్ధం. అప్పుడు? అమెరికాలో డెలవేర్ రాష్ట్రంలో డిటెక్టివులు, నిందితుడు ఫ్రాంక్స్ గురించి అతని తోటి ఉద్యోగులు ఇద్దరు తమకి చెప్పారంటూ ప్రమాణపత్రం రాసి వారంట్ తెచ్చుకున్నారు. వాళ్లు మాతో మాట్లాడనేలేదని చెప్పడానికి ఆ ఉద్యోగులిద్దరూ సిద్ధం. కింది కోర్టులు వినలేదు. 1978లో అక్కడి సుప్రీంకోర్టు వినాలంది. తెలిసి ఆడిన అబద్ధాన్ని కాగితంలోంచి కొట్టేసి చూడండి, మిగిలినదానికి వారంట్ రాకపోతే దొరికిన సరుకూ కోర్టులో చెల్లదంది.

మన సుప్రీంకోర్టు అంత దూరం పోలేదు. సోదా అక్రమమైనా దొరికిన సాక్ష్యం చెల్లుతుందని 1973లో పూరణ్ మల్ కేసులో తేల్చింది. నాకు ఇది మింగుడుపడదు. అబద్ధం ఆడినవాడికి సరుకు దక్కుతుంటే ఇక భయమెక్కడిది? శిక్షలు లేవని కాదు. కోర్టు ముందు ప్రమాణం చేసి బొంకితే ఏడేళ్ల దాకా ఉంది, కానీ ఆ ఫిర్యాదు కోర్టే పెట్టాలి. గంజాయి కేసుల చట్టంలో, సరైన అనుమానం లేకుండా ఇల్లు సోదా చేసిన అధికారికి ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

2024 జులై 1 నుంచి కొత్త కోడ్‌లో 185వ సెక్షన్ కింద సోదాని వీడియో తీయాలి, వీలైతే ఫోన్లోనే. ముందు రాసిన కారణాల నకలు 48 గంటల్లో మేజిస్ట్రేట్‌కి చేరాలి. మీ ఇంట్లో సోదా జరిగితే ఆ నకలు కావాలని మేజిస్ట్రేట్‌కి అర్జీ పెట్టండి. దానికి ఫీజు లేదు.