వాక్కు, ఓటు, ప్రతినిధి

పుదుచ్చేరికి దక్షిణమున, ఏటి కావల నున్న అరియాంకుప్పము పేరు వినగానే చరిత్రకారునకు ప్రక్కనే యున్న అరికమేడు స్ఫురించును. 1945 లో మార్టిమర్ వీలర్ అచ్చట త్రవ్వకములు జరిపించి, రోము సామ్రాజ్యముతో ఈ తీరమునకు గల వర్తక సంబంధమును నిరూపించెను. అనువాదకుడనైన నాకు ఆ యూర వేరొక త్రవ్వకమునకును తావున్నట్లు తోచినది. అచ్చటి స్థానిక పాలన సంస్థ పేరు 'కొమ్యూన్ పంచాయతి'. మొదటి మాట ఫ్రెంచివారిది, రెండవది మనది. రెండు పరిపాలనలు ఒకే పలకపై నిలిచినవి.

ఫ్రెంచివారు తమ భారతీయ స్థావరములలో పురపాలక వ్యవస్థను 1880 లో నెలకొల్పిరి. 1907 నాటికి కొమ్యూనులు 17 కాగా, అందు అరియాంకుప్పమొకటి. ఆ పదునేడింటిలో మన యానామును ఉన్నది. కావున గోదావరి యొడ్డున తెలుగువాడును, ఇచ్చట తమిళుడును ఒకే చట్టము క్రింద తమ సంఘసభ్యుల నెన్నుకొనుచుండిరి. అయితే ఆ యెన్నిక సమానుల యెన్నిక కాదు. చాలకాలము ఐరోపీయులకొక పట్టికయు భారతీయులకు వేరొక పట్టికయు నుండెను. పిడికెడు మంది యున్న పట్టికకు దక్కిన స్థానములను, వేలమంది యున్న పట్టికకు దక్కిన స్థానములను పోల్చి చూచినవారికి ఆ వ్యవస్థలోని మర్మము బోధపడును. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మటనే ఆ భేదము తొలగి, స్త్రీలకును ఓటు లభించినది.

ఇక ఆ 'ఓటు' మాట. ఫ్రెంచి ఎన్నికలలో లెక్కించునది 'వ్వా', అనగా కంఠస్వరము. తమిళుడు దానినే 'వాక్కు' అనును. పార్లమెంటను మాటకును మూలము మాటలాడుట యనెడి ఫ్రెంచి ధాతువే. ఈ విధముగా అరియాంకుప్పపు పౌరునకు పాలకభాషయు మాతృభాషయు ఒకే సంగతి చెప్పినవి: పెట్టెలో పడునది కాగితము కాదు, మనుష్యుని గొంతు. మనము తీసికొన్న 'ఓటు' ఇంగ్లీషు ద్వారమున వచ్చినది. దాని లాటిను మూలమునకు మ్రొక్కుబడి యని యర్థము. తెలుగు చెవికి మాత్రము ఆ ధ్వని ఓటి కుండను, ఓటమిని తలపించుట మన దురదృష్టము! దానికి పరిహారమా యన్నట్లు 'ఎన్నిక' మనకున్నది. ఎన్నుట యనగా లెక్కించుట, ఎన్నదగినవాడనగా గొప్పవాడు. సంఖ్యను, యోగ్యతను ఒక్క క్రియలో నిమిడ్చిన ఇట్టి మాట పై రెండు భాషలలోను నాకు కానరాలేదు. సంఖ్య యోగ్యతను మ్రింగివేయు సందర్భములు లేకపోలేదు గాని, అది మాట తప్పు కాదు.

'ప్రతినిధి' చరిత్ర మరింత గంభీరమైనది. మీమాంసకుల దృష్టిలో ప్రతినిధి యనగా యజ్ఞమున విహితద్రవ్యము దొరకనప్పుడు దాని స్థానమున వాడదగిన ద్రవ్యము. వ్రీహులు లేనిచో నీవారములు. ప్రత్యామ్నాయము ఏది దగును, ఎంతవరకు దగును అన్నదే వారి చర్చ.

ఆ చర్చయే 1954 లో వేరొక రూపమున ముందునకు వచ్చినది. ప్రజల సమ్మతి లేక ఏ భూభాగమును ఇతరుల కొసగరాదని 1946 నాటి ఫ్రెంచి రాజ్యాంగము విధించియుండెను. చంద్రనగరమున 1949 లో ప్రజలే స్వయముగా ఓటు చేసి భారతదేశమున చేరుటకు సమ్మతించిరి. పుదుచ్చేరి విషయమున అట్లు జరుగలేదు. 1954 అక్టోబరు 18 న కీళూరు గ్రామమున ప్రతినిధిసభ సభ్యులును, పురపాలక సభ్యులును కలిసి 178 మంది సమావేశమైరి. 170 మంది విలీనమునకు అనుకూలించిరి, 8 మంది ప్రతికూలించిరి. దీనిని 'ప్రజాభిప్రాయ సేకరణ' మని వ్రాయుట పరిపాటి యైనది. అది సరికాదని నా అభిప్రాయము. అచ్చట ఓటు చేసినది ప్రజలు కారు, ప్రజల ప్రతినిధులు. ఫలితము ప్రజాభీష్టమునకు అనుగుణమే యనుటలో నాకు సందేహము లేదు. కాని న్యాయమైన ఫలితమునకైనను సరియైన పేరే పెట్టవలెను గదా. నవంబరు 1 న పాలన చేతులు మారినది. 1956 మే 28 న సంధిపత్రముపై సంతకములైనను, అది చట్టరీత్యా అమలులోనికి వచ్చుటకు 1962 ఆగస్టు 16 వరకు వేచియుండవలసివచ్చెను.

1963 లో ఏర్పడిన పుదుచ్చేరి శాసనసభలో ఎన్నికైన సభ్యులు 30 మంది. వీరికి తోడు ముగ్గురికి మించకుండ కేంద్ర ప్రభుత్వము నియమింపవచ్చును. నియమితులును సభలో ఓటు చేయవచ్చునని 2018 లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. చట్టము స్పష్టమే. అయినను, ఆ ముగ్గురిని తెలుగులో 'ప్రతినిధులు' అనవచ్చునా? 'సభ్యులు' అనుటతో నేను సరిపెట్టుకొందును.

అరియాంకుప్పము పేర శాసనసభా నియోజకవర్గ మున్నది గనుక అచ్చటివారు సభకు తమవాని నంపుచున్నారు. కొమ్యూను కథ వేరు. స్వతంత్ర భారతమున పుదుచ్చేరి స్థానికసంస్థలకు 1968 లో ఎన్నికలు జరిగిన పిమ్మట, మరల జరిగినది 2006 లో. నడుమ 38 ఏండ్లు! 2006 లో ఎన్నికైనవారి గడువు 2011 లో తీరినది. తదుపరి పది సంవత్సరములు గడచినను మరల ఎన్నిక జరుగలేదు. ఆ కాలమంతయు కార్యాలయము పని చేసినది, పన్నులు వసూలైనవి, పలకపై 'కొమ్యూన్ పంచాయతి' యని రెండు మాటలును నిలిచియే యున్నవి.