గుర్రానికీ పింఛను

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు కోరారు. రాజుల గుర్రాల గొప్పలు చాలా మంది రాశారు. అవి ముసలివయ్యాక ఏమయ్యాయో రాసినవారు తక్కువ. పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరైన నాకు ఆ సంగతే రాయాలనిపించింది.

కౌటిల్యుని అర్థశాస్త్రాన్ని మైసూరు పండితులు ఆర్. శామశాస్త్రి గారు 1909లో అచ్చు వేయించారు. అందులో రెండవ అధికరణంలో అశ్వాధ్యక్షుని విధులున్నాయి. యుద్ధం వల్ల, రోగం వల్ల, ముసలితనం వల్ల పని చేయలేని గుర్రాలకు పోషణకు సరిపడా మేత ఇవ్వాలని అక్కడ స్పష్టంగా ఉంది. ఋతువును బట్టి మేత మార్చే బాధ్యత వైద్యులది. ఇది యజమాని దయ కాదు, ఖజానా పెట్టవలసిన ఖర్చు. మన మాటల్లో చెప్పాలంటే పింఛనే.

అశోకుడు కూడా తన రెండవ శిలాశాసనంలో మనుషులతో పాటు పశువులకూ వైద్యం ఏర్పాటు చేసినట్లు చెప్పాడు. ఆ శాసనం మన కర్నూలు ప్రాంతంలోని ఎర్రగుడి బండలపైన కూడా ఉంది.

శాస్త్రం ఒకటి, ఆచరణ ఒకటి. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం ప్రభుత్వ లాన్సర్ల దళం ఈజిప్టు, పాలస్తీనా రంగాల్లో పనిచేసింది. ఢిల్లీ తీన్‌మూర్తిలోని ముగ్గురు సైనికుల విగ్రహాల్లో ఒకటి హైదరాబాదుది. యుద్ధం ముగిశాక బ్రిటిష్ సైన్యం వేలాది గుర్రాలను ఈజిప్టులోనే అమ్మేసింది. 1930లో కైరో వెళ్ళిన డొరొతీ బ్రూక్ అనే ఇంగ్లీషు మహిళ, ఎముకలు తేలి బండ్లు లాగుతున్న ఆ ముసలి గుర్రాలను చూశారు. 1931లో లండన్ పత్రికకు లేఖ రాసి, వచ్చిన చందాలతో కొన్నేళ్ళలో సుమారు 5,000 గుర్రాలను కొన్నారు. వాటిలో చాలావాటికి దక్కింది కడుపునిండా మేత, నీడ, నొప్పి లేని మరణం మాత్రమే. 1934లో అక్కడ ఆస్పత్రి వెలిసింది.

మా ఎల్లారెడ్డిపేట సిరిసిల్ల – కామారెడ్డి రోడ్డు మీద ఉంది. బస్సులు తక్కువగా ఉన్న రోజుల్లో కామారెడ్డి స్టేషనులో రైలు దిగితే టాంగాయే దిక్కు. ఆ గుర్రం ముసలిదైతే దాన్ని మేపే స్తోమత టాంగావాలాకు ఉండేది కాదు. తప్పు అతనిది అనలేను. అతనికే పింఛను లేదు.

గుర్రం 20 ఏళ్ళు దాటితే ముసలిది. చక్కగా చూస్తే 25, 30 ఏళ్ళు బతుకుతుంది. ముందుగా దెబ్బతినేవి పళ్ళు. నమలలేక గడ్డిని ముద్దలుగా కింద వదిలేస్తుంది. అప్పుడు తవుడు, దాణా నానబెట్టి మెత్తగా పెట్టాలి. పళ్ళ అంచులను ఏటా డాక్టరు చేత అరగదీయించాలి. గిట్టలను ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కత్తిరించాలి. ఎప్పుడూ కట్టేసి ఉంచితే కీళ్ళు పట్టేస్తాయి, కనుక రోజూ కొంచెం నడిపించాలి. ఈ జాగ్రత్తలు మనకూ కొత్తవి కావు!

చట్టం కూడా కొంత చేసింది. 1965 నాటి నిబంధనల ప్రకారం బండి లాగే పశువు చేత రోజుకు 9 గంటలకు మించి పని చేయించరాదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు అసలే కూడదు. అయితే పని మానిన పశువుకు మేత ఎవరు పెట్టాలో ఆ నిబంధనలు చెప్పలేదు.

పింఛను భిక్ష కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని సుప్రీంకోర్టు నకారా కేసులో 1982 డిసెంబరు 17న చెప్పింది. ఆ రోజునే మనం పెన్షనర్ల దినం జరుపుకుంటున్నాము. ఆ న్యాయం నోరు లేని జీవులకూ వర్తించాలి. మీ ఊళ్ళో పెళ్ళి బారాతులు మోసి ముసలిదైన గుర్రం గానీ, పని మానిన ఎద్దు గానీ ఉంటే, పశువైద్యుని ఒకసారి పిలిపించవలసిందిగా మిత్రులకు నా మనవి.